టెంపెల్‌హోఫ్ మైదానం అంచుల్లో ఇళ్లు కట్టాలా, వద్దా?

కాకినాడ_కుర్రాడు:
బెర్లిన్‌లో ఉన్న మనవాళ్లు ఏమంటారో తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఊరి నడిమధ్య పాత టెంపెల్‌హోఫ్ ఎయిర్‌పోర్టు మైదానం దాదాపు 300 హెక్టార్లు, అంటే మన లెక్కలో 740 ఎకరాలు. అక్కడ ఏమీ కట్టకూడదని 2014 రెఫరెండంలో జనం తీర్పిచ్చారు. అప్పటి అద్దెలకీ ఇప్పటి అద్దెలకీ పోలికే లేదు. నేను నెలల తరబడి షేరింగ్ గదులు మారుతున్నాను. చాలామంది ఓనర్లు అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోరు, అది లేకపోతే ఇక్కడ ఏ పనీ జరగదు. ఒకటే టెన్షన్. అంచుల్లో కడితే నష్టమేమిటి? మధ్యలో మైదానం ఎలాగూ ఉంటుంది కదా.

నొయ్‌కొల్న్_అన్న:
తమ్ముడూ, నీ కష్టం నిజమే. అయినా కట్టొద్దనే నేనంటాను, అంచుల్లో అసలే వద్దు. ఆ మైదానం చరిత్రలో అతి చీకటి భాగం ఉన్నది అంచుల్లోనే. ఉత్తరం వైపు కొలంబియా హౌస్ అనే జైలుండేది. 1934 చివర నుంచి 1936 దాకా అది నాజీల కాన్సంట్రేషన్ క్యాంపు. యుద్ధకాలంలో ఇతర దేశాల నుంచి పట్టుకొచ్చిన వాళ్లతో ఎయిర్‌పోర్టులో స్టూకా బాంబర్లు బిగించే చాకిరీ చేయించారు. వాళ్లను కుక్కిన బ్యారక్‌ల ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి.

1945 జూలైలో అమెరికన్లు వచ్చారు, వాళ్ల వైమానిక దళం 1993 దాకా ఉంది. 1948 జూన్‌లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కి రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూసేస్తే, బొగ్గూ పిండీ విమానాల్లోనే వచ్చాయి. బెర్లిన్‌లోని గాటో, టేగెల్ ఎయిర్‌పోర్టులతో కలిపి దాదాపు 23 లక్షల టన్నులు. మూడేళ్ల కిందట బాంబులేసిన దేశాల విమానాల కోసం ఆ ఊరి పిల్లలు కంచె దగ్గర నిలబడి ఎదురుచూశారు. ఇంత జరిగిన నేలను ఒకసారి ప్లాట్లు చేశాక మళ్లీ తెచ్చుకోలేం.

ఇక ఇళ్ల లెక్క చూద్దాం. 2014లో జనం వద్దన్న ప్లాన్‌లో ఉన్నవి సుమారు 4,700 ఫ్లాట్లు. 2020లో మూసేసిన టేగెల్ ఎయిర్‌పోర్టు స్థలంలో 5,000 పైగా ఇళ్లు కడతామన్నారు, అది ఇంకా పూర్తి కాలేదు. చేతిలో ఉన్నది ముగించకుండా ఇక్కడ రన్‌వేల పక్కన గడ్డిలో గూళ్లు పెట్టే భరతపిట్టల మీద పడటం న్యాయమా? ఎండాకాలం రాత్రి చుట్టుపక్కల వీధులకు చల్లగాలి కూడా ఆ గడ్డి నేల మీదుగానే వస్తుంది.

గుంటూరు_అక్క:
అన్నా, ఒక్క మాట. ఆ రెఫరెండంతో వచ్చిన చట్టం ముట్టుకోరానిదేమీ కాదు. శరణార్థులకు తాత్కాలిక వసతి కోసం 2016లో బెర్లిన్ అసెంబ్లీయే సవరించింది. ఆ అవసరం నిజం కాబట్టి నాకు అభ్యంతరం లేకపోయింది. కానీ శాశ్వతంగా ఫ్లాట్లు కట్టాలంటే మాత్రం మళ్లీ జనాన్నే అడగాలి. 64 శాతం మంది వద్దన్న పనిని అసెంబ్లీ ఓటుతో కానిచ్చేస్తే రేపు ఏ రెఫరెండానికీ విలువుండదు.

కాకినాడ_కుర్రాడు:
అక్కా, మళ్లీ ఓటు పెట్టాలన్నది సబబే. ఉత్తరపు అంచు వదిలేయమనే నేనూ అంటాను. దక్షిణం వైపు సంగతి వేరు. అక్కడ రింగ్ రైలు, హైవే పక్కనే ఉన్నాయి. ఆ ఒక్క వైపు, నగరపాలక సంస్థే కట్టి, తక్కువ అద్దెకే ఇవ్వాలని రాసిపెట్టి ఓటుకు పెడితే, అన్నా, అప్పుడూ వద్దనే అంటారా?

నొయ్‌కొల్న్_అన్న:
టేగెల్‌లో జనం కాపురాలు పెట్టాక అడుగు తమ్ముడూ, అప్పుడు ఆలోచిస్తాను. ఇప్పుడైతే వద్దనే వేస్తాను.