అన్‌లోడ్ ఈవెంట్ పోతోందట, డేటా పంపే కోడ్‌ని ఎక్కడికి మార్చాలి?

ప్రశ్న
యూజర్ పేజీలో ఎంతసేపు ఉన్నారో, ఎక్కడిదాకా స్క్రోల్ చేశారో అన్‌లోడ్ (పేజీ వదిలి వెళ్లేటప్పుడు వచ్చే ఈవెంట్) హ్యాండ్లర్ నుంచి సర్వర్‌కి పంపుతున్నాం. ఇప్పుడు క్రోమ్ కన్సోల్‌లో డెప్రికేషన్ (మున్ముందు తీసేస్తామనే) హెచ్చరిక వస్తోంది. దాని బదులు బిఫోర్‌అన్‌లోడ్ పెడితే సరిపోతుందా? ఇంకోటి, మా కోడ్‌లో అన్‌లోడ్ ఉన్నది ఒక్కచోటే, హెచ్చరికలు మాత్రం రెండు.

జవాబు 1
సరిపోదండీ. బిఫోర్‌అన్‌లోడ్ ఉన్నది సేవ్ కాని మార్పులుంటే హెచ్చరించడానికి. యూజర్ ఏదైనా మార్చినప్పుడు తగిలించి, సేవ్ అవగానే తీసేయాలి.

మీ పనికి డాక్యుమెంట్ మీద విజిబిలిటీఛేంజ్ (పేజీ కనబడటం, దాగడం మారినప్పుడు వచ్చే ఈవెంట్) వినండి, స్థితి హిడెన్ అయినప్పుడు పంపండి. మొబైల్‌లో వేరే యాప్‌కి వెళ్లి, అక్కడినుంచి బ్రౌజర్‌ని తోసేస్తే అన్‌లోడ్, బిఫోర్‌అన్‌లోడ్, పేజ్‌హైడ్ మూడూ రాకపోవచ్చు. నమ్మదగిన చివరి కబురు హిడెన్ ఒక్కటే. డెస్క్‌టాప్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అయితే అన్‌లోడ్ హ్యాండ్లర్ ఉంటే చాలు, పేజీ బీఎఫ్‌క్యాష్‌లోకి (బ్యాక్, ఫార్వర్డ్ నొక్కితే వెంటనే చూపడానికి బ్రౌజర్ పేజీని దాచుకునే చోటు) వెళ్లదు. బ్యాక్ నొక్కిన ప్రతిసారీ మొత్తం మళ్లీ లోడ్ అవుతుంది.

పంపడానికి సెండ్‌బీకన్ (పేజీ మూసినా డేటా వెళ్లేలా బ్రౌజర్‌కి అప్పగించే ఫంక్షన్) వాడండి. పరిమితి 64 కేబీ, దాటితే ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది కాబట్టి ఆ విలువ చూడండి. వేరే డొమైన్‌కి జేసన్ టైపుతో బ్లాబ్ (డేటా మూట) పంపితే ముందు ప్రీఫ్లైట్ (అనుమతి అడిగే అదనపు రిక్వెస్ట్) వెళ్తుంది. టెక్స్ట్/ప్లెయిన్ అయితే ఆ బెడద లేదు. పాత కోడ్‌లో సింక్రనస్ ఎక్స్‌హెచ్‌ఆర్ (జవాబు వచ్చేదాకా పేజీని ఆపే పాత రిక్వెస్ట్ పద్ధతి) మిగిలి ఉంటే అది క్రోమ్ 80 నుంచే పేజీ మూసేటప్పుడు పనిచేయడం లేదు.

ప్రశ్న అడిగినవారు
ట్యాబ్ మార్చినా హిడెన్ వస్తుంది కదా? ఒకే సందర్శన నాలుగైదుసార్లు లెక్కలోకి రాదా?

జవాబు 2
"ముగిసింది" అని పంపితే వస్తుంది. "ఇప్పటివరకు ఇంత" అని పంపండి. పేజీ లోడ్‌కి ఒక ఐడీ, ప్రతి బీకన్‌కి ఒక వరుస సంఖ్య ఇవ్వండి. సర్వర్‌లో అదే ఐడీకి పెద్ద సంఖ్య ఉన్నదాన్నే ఉంచాలి; బీకన్‌లు పంపిన వరుసలోనే చేరతాయన్న హామీ లేదు. పేజ్‌షోలో (పేజీ తెరపైకి వచ్చినప్పుడు వచ్చే ఈవెంట్) పర్సిస్టెడ్ ట్రూ అయితే పేజీ బీఎఫ్‌క్యాష్ నుంచి తిరిగొచ్చినట్టు. అప్పుడు కొత్త ఐడీ ఇవ్వకపోతే సందర్శనలు తగ్గి కనిపిస్తాయి.

జవాబు 3
రెండో హెచ్చరిక చాలావరకు బయటి స్క్రిప్ట్‌దే: చాట్ విడ్జెట్, ప్రకటనలు, పాత అనలిటిక్స్. డెవ్‌టూల్స్ కన్సోల్‌లో గెట్‌ఈవెంట్‌లిజనర్స్‌కి విండో ఇచ్చి, అన్‌లోడ్‌ని ఏ స్క్రిప్ట్ తగిలించిందో చూడండి. ఐఫ్రేమ్‌లకు (పేజీలో పొదిగిన వేరే పేజీలు) పైనున్న జాబితాలో ఫ్రేమ్ మార్చి విడిగా చూడాలి, ఇక్కడే చాలామంది తప్పిపోతారు. తీసేశాక అప్లికేషన్ ప్యానెల్‌లో బ్యాక్/ఫార్వర్డ్ క్యాష్ పరీక్ష నడిపితే ఇంకా ఏది అడ్డుపడుతోందో చెబుతుంది.

అన్నీ తీశాక పర్మిషన్స్-పాలసీ హెడర్‌లో (పేజీలో ఏ సదుపాయాలు నడవాలో సర్వర్ చెప్పేది) అన్‌లోడ్=() పెట్టండి. క్రోమ్ 115 నుంచి పనిచేస్తుంది, రేపు ఎవరైనా కొత్త స్క్రిప్ట్‌తో అన్‌లోడ్ తెచ్చినా నడవనివ్వదు. సఫారీ, ఫైర్‌ఫాక్స్ ఈ హెడర్‌ని పట్టించుకోవు, కాబట్టి కోడ్ తీయడం తప్పదు. గడువు కావాలంటే మీ సొంత పేజీలకు అన్‌లోడ్‌ని ఉంచే అన్‌లోడ్=సెల్ఫ్ ఉంది, కానీ అది తాత్కాలికమే. క్రోమ్ విడతలవారీగా ఆపుతోంది గనక మీ మెషీన్‌లో ఈవెంట్ ఇంకా వస్తోందంటే అందరికీ వస్తోందని కాదు. పరీక్షించేటప్పుడు అన్‌లోడ్=() హెడర్ పెట్టుకునే చూడండి.