ఫోమ్ అంటించినా కింది ఫ్లాట్‌కి దడదడ ఆగట్లేదు

గమకం:
అపార్ట్‌మెంట్‌లో 10×12 అడుగుల గది. వయొలిన్, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ (హెడ్‌ఫోన్స్‌తో) వాయిస్తాం. గోడలకి రెండంగుళాల ఫోమ్ అంటించాక గదిలో గింగురు తగ్గింది. కానీ పక్క ఫ్లాట్‌కి వయొలిన్, కిందవాళ్లకి డ్రమ్స్‌లో కాలితో తొక్కే కిక్ పెడల్ దెబ్బలు అలాగే వినిపిస్తున్నాయి. ఇంకో పొర ఫోమ్ వేయాలా, జిప్సం బోర్డు కొట్టించాలా?

తాళం_తప్పని:
ఇంకో పది పొరలు వేసినా అంతేనండి. ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది, బయటికి పోయే శబ్దాన్ని ఆపదు. పైగా మీవి రెండు వేర్వేరు సమస్యలు. వయొలిన్ గాలిలో పోతోంది, పెడల్ దెబ్బ నేరుగా స్లాబ్‌లోకి దిగుతోంది.

పెడల్‌కి టెన్నిస్ బంతుల వేదిక చేయండి. 4×5 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెండు తీసుకోండి. కింది పలకలో 5 సెం.మీ. రంధ్రాలు కోసి బంతులు కూర్చోబెట్టండి, అవి నేలకి ఆనవు. పై పలక పక్కకి జారకుండా దాని అడుగున అవే కొలతల్లో రంధ్రాలున్న పలచటి ప్లైవుడ్ అతికించండి. డ్రమ్స్ కిట్టు, మనిషి, పై పలక కలిపి 140 కిలోలనుకుంటే 24 బంతులు చాలు. ఒక్కోదాని మీద 6 కిలోలు పడి అర సెంటీమీటరు దాకా అణుగుతుంది. గట్టిగా ఉంటుందని 60 బంతులు పెట్టారో, అవి తగినంత అణగవు, దెబ్బ దిగిపోతూనే ఉంటుంది. కూర్చునే స్టూలు కింద మాత్రం కాస్త దగ్గరగా పెట్టండి. వేదిక ఏ గోడకీ తగలకూడదు.

గోడచెవి:
వయొలిన్ సంగతికొస్తే, గోడ జోలికి పోయే ముందు తలుపు చూడండి. తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందుంటే అది తలుపు వైశాల్యంలో దాదాపు నూటికి ఒక వంతు. అప్పుడు తలుపు ఎంత బరువైనదైనా 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. చుట్టూ రబ్బరు సీలు, కింద తలుపు మూయగానే దిగే సీలు పెట్టించండి. బోలు తలుపైతే మార్చాల్సిందే. స్విచ్ బోర్డు పెట్టెలు గోడకి రెండువైపులా ఒకేచోట ఉంటే అక్కడా శబ్దం దూరుతుంది. రాత్రి సాధనకి వయొలిన్ బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) మీద బరువైన ప్రాక్టీస్ మ్యూట్ (శబ్దం తగ్గించే బిళ్ల) తగిలించండి.

తాళం_తప్పని:
అప్పటికీ చాలకపోతేనే జిప్సం. గోడకి తగలకుండా 2–3 సెం.మీ. ఎడంగా వేరే ఫ్రేము, లోపల 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి నార పలక), పైన 12.5 మి.మీ. బోర్డులు రెండు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. అంచుల్లో ఎండినా మెత్తగా ఉండే సీలెంట్. ఒక్క స్క్రూ పాత గోడని పట్టుకున్నా కంపనం దానిగుండా దాటుతుంది, ఎక్కువగా పాడయ్యేది అక్కడే. సన్న చెక్క బద్దలు వేసి గోడకే బోర్డు బిగిస్తే ఇంకా నష్టం, మధ్యలోని ఇరుకు గాలి పొర వల్ల మంద్రస్థాయి (లోతైన) శబ్దం మునుపటికంటే ఎక్కువ దాటొచ్చు. రెండు పొరల బోర్డే చదరపు మీటరుకి 18–20 కిలోలు. నాలుగు గోడలూ, సీలింగూ చేయించేటట్టయితే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుని అడగండి. సందులన్నీ మూశాక గాలి రావడానికి మలుపులున్న, లోపల రాక్‌వూల్ పొదిగిన డక్టు (గాలి గొట్టం) కూడా కావాలి.

గమకం:
వేదిక కింద కార్పెట్ ఉంచొచ్చా?

గోడచెవి:
ఉంచండి, జారదు. పెడల్ దెబ్బని ఆపే పని మాత్రం బంతులదే.