ఐసీయూలో సెప్సిస్: ఆ మొదటి గంట ఎక్కడ పోతోంది?

రాత్రిడ్యూటీ_సిస్టర్:
మా ఐసీయూలో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్లకు యాంటీబయాటిక్ ఆలస్యమవుతోందని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. పోయిన నెల కేస్ షీట్లు ముందేసుకుని, డాక్టర్ గారు మందు రాసిన టైమూ, సీసా నిజంగా తగిలించిన టైమూ పక్కపక్కన రాసుకుంటూ పోయాను. రాయడం చకచకా అయిపోతోంది. ఆ తర్వాత ఫార్మసీ నుంచి మందు రావాలి, నరానికి రెండో లైను పెట్టాలి, కల్చర్ బాటిళ్లు (రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి) వెతకాలి, ఇంతలోనే గంట దాటిపోతోంది. షాక్‌లో ఉన్న (బీపీ పడిపోయిన) మనిషికి గంటలోపే పడాల్సిన మందు అది! మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

ఐసీయూ_డాక్టర్:
మేమూ అక్కడే దెబ్బతిన్నాం సిస్టర్. ఇప్పుడు మొదటి డోసు మందులు ఐసీయూ అల్మారాలోనే ఉంటాయి, కల్చర్ బాటిళ్లు, లాక్టేట్ (కణాలకి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగేది) పరీక్షకి సిరంజి ఒకే ట్రేలో. కల్చర్ ముందు తీయాలి, నిజమే, కానీ నరం దొరకలేదని మందు ఆపి కూర్చోకూడదు. బీపీ పెంచే నార్‌అడ్రినలిన్‌కి కూడా సెంట్రల్ లైన్ (పెద్ద నరంలో వేసే గొట్టం) పడేదాకా ఆగడం మానేశాం. మోచేతి దగ్గర మంచి లైనుంటే అందులోనే మొదలుపెట్టి, మ్యాప్ (సగటు బీపీ) 65కి తగ్గకుండా చూస్తున్నాం. మందు నరం బయటికి కారుతోందేమోనని చేతిని మాత్రం గమనిస్తూనే ఉండాలి.

పీజీ_రెండో_ఏడు:
సార్, కిలోకి 30 మి.లీ. సెలైన్ అందరికీ ఎక్కించాల్సిందేనా? గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి రాయాలంటే టెన్షన్ వస్తుంది.

ఐసీయూ_డాక్టర్:
సెప్సిస్ చికిత్స అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 2016లో గట్టిగా చెప్పిన ఆ మాటని 2021లో సూచనగా తగ్గించారు. నేనైతే కొంచెం ఎక్కించి, చూసి, మళ్లీ ఎక్కిస్తాను. చూపుడువేలి కొసని తెల్లబడేలా పది సెకన్లు నొక్కి వదులు. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే రక్తం ఇంకా సరిగా అందట్లేదన్నమాట. ఖర్చు లేని పరీక్ష, గంటగంటకీ చేయొచ్చు. మామూలు సెలైన్ కన్నా, రక్తంలోని లవణాలకి దగ్గరగా ఉండే రింగర్ లాక్టేట్ లాంటివి మేలు.

నాన్న_కోసం:
నేను డాక్టర్ని కాదు. మా నాన్నగారు వార్డులో ఉన్నప్పుడు మాట తడబడుతోంది, ఎగశ్వాస పెడుతున్నారు అని రెండుసార్లు చెప్పాను. బీపీ బాగుంది, నిద్రమత్తు అన్నారు. తెల్లారేసరికి ఐసీయూ, వెంటిలేటర్. బతికి ఇంటికొచ్చారు, కానీ ఆ రాత్రి నా మాట ఎక్కడా రాసుకోలేదు.

రాత్రిడ్యూటీ_సిస్టర్:
మీరు చెప్పిన రెండూ సెప్సిస్ గుర్తులేనండీ, బీపీ చివర్లో పడుతుంది. ఇంటివాళ్లు "ఎప్పటిలా లేరు" అంటే టైముతో సహా చార్ట్‌లో రాసి డాక్టర్‌ని పిలవాలని వార్డు సిస్టర్లకు చెప్తాను. డాక్టర్ గారూ, ఆ ట్రేలో ఇంకేం పెట్టారో రాయండి, రేపు మా ఇన్‌ఛార్జికి చూపిస్తాను.