సర్కారును విమర్శిస్తే దేశద్రోహమేనా?

ప్రశ్న: కాలువ మరమ్మతు డబ్బులు తినేశారని ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు. "దేశద్రోహం కేసు పడుద్ది" అని బెదిరిస్తున్నారు. నిజంగా పడుతుందా? (జవాబులు రాసినవాళ్ల మారుపేర్లతో కింద ఉన్నాయి.)

గట్టుమీద: పడదండీ. దేశద్రోహం కేసులు పెట్టే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 124ఎ 2024 జూలై 1తోనే పోయింది. ఇప్పుడున్నది దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లోని సెక్షన్ 152. వేర్పాటు, సాయుధ తిరుగుబాటు, దేశ ఐక్యతకు ముప్పు లాంటివే దాని కిందికొస్తాయి. ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించడానికి చేసే విమర్శ నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. పాత సెక్షన్‌ విషయంలోనూ, హింసకు రెచ్చగొడితే తప్ప వర్తించదని 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నల్లకోటు: అసలు చిక్కు పరువునష్టం, బీఎన్ఎస్ 356. "ఫలానావాడు తిన్నాడు" అని పేరు పెట్టి రాస్తే రుజువు చూపాలి. ముందు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, ఆపైన 10. "అవినీతి జరిగిందా?" అని అడిగితే జవాబు రాదు. ఎస్టిమేట్, ఎంబుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల నకళ్లు అడగాలి. 30 రోజులు ఆగి, ఎంబుక్కులో రాసిన పొడవును టేపుతో కొలిచిన పొడవు పక్కన పెట్టి పోస్టు చేయండి. తిట్టాల్సిన పనే ఉండదు.

పాతపేపరు: చట్టం సరే, 152లో "ముప్పు" అంటే ఏమిటో నిర్వచనం లేదు. కేసు నిలవకపోయినా స్టేషన్ చుట్టూ తిరగడమే శిక్ష. 1908లో 'స్వరాజ్య' పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం కింద జైలుకెళ్లారు. ఇవాళ ఆయన్ని దేశభక్తుడనే అంటున్నాం కదా?