అడవి దారిలోనూ ఇంత భయం వేయలేదు: దేశం ముందుకన్నా భద్రంగా ఉందంటారా?

పాత స్టీరింగ్ (ప్రశ్న)

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైర్ అయ్యాను. అందులో పదకొండేళ్లు భద్రాచలం, చర్ల, వెంకటాపురం దారిలోనే గడిచాయి. ఇప్పుడు ఉప్పల్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. పోయిన వారం అపార్ట్‌మెంటు కింద నలుగురం కూర్చుని ఉంటే ఒకాయన, "మన రోజుల్లో తలుపులు తీసి పడుకునేవాళ్లం, ఇప్పుడు దేశం పాడైపోయింది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తలుపులు తీసి పడుకున్న మాట నిజమే. కాకపోతే అది ఉక్కపోతకు.

నా రోజులు ఎలాంటివో చెబుతాను. అప్పట్లో ఆ దారిలో కల్వర్టు వస్తోందంటే చేతులకు చెమట పట్టేది. జీపులో వెళితే మందుపాతర పేలుతుందని పోలీసులు మఫ్టీలో మా బస్సెక్కేవారు. ఎక్కింది పోలీసని మీసకట్టు చూస్తే తెలిసిపోయేది. అన్నలకూ, అంటే నక్సలైట్లకూ, తెలుస్తుందేమోనని నా భయం. జులై 28 నుంచి ఆగస్టు 3 వరకు, తర్వాతి ఏళ్లలో డిసెంబరు మొదటి వారంలో కూడా, అన్నల వారోత్సవాలని చీకటి పడ్డాక బండి తీసేవాళ్లం కాదు. 1997లో ఒక బంద్ ముందు రోజు రాత్రి చర్ల దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టి పడేసి ఉంది. ఏడెనిమిది మంది దళం వాళ్లు. అందరినీ దించారు, సామాను దించుకోనిచ్చారు. ఒక ముసలమ్మ కోళ్ల బుట్ట పైన ఉండిపోయిందంటే వాళ్లలో ఒక కుర్రాడే టాప్ ఎక్కి దించి ఇచ్చాడు. తర్వాత డీజిల్ పోసి బస్సు తగలబెట్టారు. మా కండక్టరు డబ్బుల సంచి పొట్టకు హత్తుకుని నిలబడ్డాడు, దాని జోలికి ఎవరూ రాలేదు. జనాన్ని వెంటబెట్టుకుని ఏడు కిలోమీటర్లు నడిచాం. మర్నాడు డిపోలో కాగితాలు రాసిచ్చి, మూడో రోజు మళ్లీ అదే దారిలో డ్యూటీ ఎక్కాను.

ఇక ఈ ఏడాది సంగతి. పొద్దున పది గంటలకు ఫోను. నా పేరు మీద ముంబయిలో మత్తుమందుల పార్సిల్ దొరికిందని, నా ఆధార్‌తో ఎవరో ఖాతా తెరిచారని చెప్పారు. తర్వాత వీడియో కాల్. అవతల యూనిఫాం, వెనక గోడకు గాంధీగారి ఫొటో. "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరితో మాట్లాడినా మీ అబ్బాయి ఉద్యోగం పోతుంది" అన్నారు. రెండు రోజులు గదిలో ఆ ఫోను ముందే కూర్చున్నాను. మూత్రానికి వెళ్లాలన్నా అడిగే వెళ్లాను. మా ఆవిడతో ఒంట్లో బాగోలేదని చెప్పాను. బ్యాంకులో అమ్మాయి ఎందుకు తీస్తున్నారని అడిగితే చుట్టాలకు ఆపరేషనని అబద్ధమాడాను. 3 లక్షల 40 వేలు పోయాయి. అసలు అలాంటి అరెస్టే చట్టంలో లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెబుతుంటే నేను విన్నాను కూడా. విన్న మాట వేళకు గుర్తు రాలేదు.

కింద వాచ్‌మన్, గేటుకు కెమెరాలు, లిఫ్టులో కెమెరా. వీటన్నిటి మధ్య కూర్చుని నేను వణికాను. బస్సు తగలబడిన రాత్రి అలా వణకలేదు. అందుకే అడుగుతున్నాను. మీ మీ ఊళ్లలో దేశం ముందుకన్నా భద్రంగా ఉందని మీకు నిజంగా అనిపిస్తోందా? పేపర్లో చదివింది వద్దు. మీకు జరిగింది చెప్పండి.

వేరుశనగ చేను

అన్నగారూ, మాది ఫ్యాక్షన్ గొడవల అనంతపురం జిల్లా. ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ చెప్పబుద్ధి కాదు. నా చిన్నప్పుడు మా నాన్న వరసగా రెండు రాత్రులు ఒకే చోట పడుకోగా చూడలేదు. ఒకరోజు మిద్దె మీద, ఒకరోజు పెద్దనాన్న వాళ్ల గడ్డివామి పక్కన. మేమేమీ నాయకులం కాదు. ఒక వర్గం వాళ్ల వీధిలో ఇల్లుండటమే మా పాపం. వీధి వైపు కిటికీ పెట్టకూడదని మా అవ్వ పట్టుబట్టి కట్టించిన ఇల్లు అది. రాత్రి జీపు చప్పుడు వినపడితే దీపం ఆర్పేసేవాళ్లం. మా బడిలో ఒక పిల్లవాడికి కుడి చేతికి మూడు వేళ్లు లేవు. గడ్డివామిలో దొరికిన నాటుబాంబును బంతి అనుకున్నాడు.

2005 జనవరి 24న ఎమ్మెల్యే పరిటాల రవిని అనంతపురంలో చంపినప్పుడు నేను కాలేజీ నుంచి ఇంటికి వస్తూ బస్సులో ఉన్నాను. దారిలో అందరినీ దించేశారు. ఎదురుగా మరో బస్సు కాలుతోంది. మా డ్రైవరు మా ఆడపిల్లలను ఐదుగురిని తన చెల్లెలి ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టించాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. మీ రాత చదువుతుంటే ఆయనే గుర్తొచ్చాడు.

ఇప్పుడు ఆ ఊళ్లోనే మా తమ్ముడు వీధి వైపు పెద్ద కిటికీ పెట్టించాడు. అవతలి వర్గం వాళ్ల మనవడు, మా చిన్నాన్న కొడుకు బెంగళూరులో ఒకే గదిలో ఉంటున్నారు. కాబట్టి నన్నడిగితే, అవును, భద్రంగా ఉంది. కానీ మా అమ్మ ఆ కిటికీని ఒక్క రాత్రీ తెరిచి ఉంచనివ్వదు. దోమలంటుంది.

లెక్కల మాస్టారు

పేపర్లో చదివింది వద్దన్నారు, అయినా ఊరుకోలేను. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 1992లో దేశంలో 40 వేలకు పైగా హత్య కేసులు. 2022లో 28,522. ఈలోగా జనాభా 50 కోట్లకు పైగా పెరిగింది. అంటే మనిషి చేతిలో మనిషి చచ్చే ప్రమాదం సగానికన్నా తగ్గింది. అదే 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. హత్యలకు దాదాపు ఆరింతలు. డ్రైవరుగారికి ఇది నేను చెప్పాలా? మనం కత్తిని చూసి భయపడతాం, హెల్మెట్ మాత్రం బండి హ్యాండిల్‌కు తగిలిస్తాం.

మీరు చెప్పిన మోసం సంగతికొస్తే, 2022లోనే సైబర్ నేరాల కేసుల్లో రాష్ట్రాలన్నిటిలోకి మన తెలంగాణే మొదటిది, 15,297. ఫిర్యాదు తీసుకునే చోట కేసులు ఎక్కువ కనిపిస్తాయి, అదీ గుర్తుంచుకోవాలి.

రాత్రి డ్యూటీ

నేను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుని. లెక్కలు చూశాను మాస్టారూ, బాగున్నాయి. ఆ హత్యల అంకెలో నా రోజువారీ భయం ఎక్కడా కనిపించదు. రాత్రి తొమ్మిదిన్నరకు డ్యూటీ దిగి బస్టాపులో నిలబడితే వెనక ఆగిన బైకు ఎందుకు ఆగిందా అనే భయం అది. దాన్ని ఎవరూ కేసు రాయరు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఆ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారని తెలిశాక మా అమ్మ నెల రోజులు నన్ను స్కూటీ ముట్టుకోనివ్వలేదు. పది రోజులు తిరగకముందే నలుగురు నిందితులనూ ఎన్‌కౌంటర్ చేస్తే మా వార్డులో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను, దాచను. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథనమే నమ్మదగినది కాదని తేల్చింది. ఆ మిఠాయి తిన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. పైగా దానివల్ల నా బస్టాపులో ఏమీ మారలేదు.

మారింది వేరే. ఒకసారి ఆడవాళ్ల కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్‌కు ఫిర్యాదు చేశాను, రెండో రోజే మఫ్టీలో వచ్చి నా పక్కనే నిలబడి వాడిని పట్టుకున్నారు. అది 2014కు ముందు లేదు. ఇంకొకటి, 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక రాత్రి బస్సులో నేనొక్కదాన్నే ఆడమనిషిని అనే పరిస్థితి పోయింది. ఊడ్చే పనివాళ్లు, బట్టల షాపుల అమ్మాయిలు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, అందరూ ఎక్కుతారు. సీటు దొరకదు, కాళ్లు పీకుతాయి, కానీ భయం లేదు. నాకు కెమెరా కన్నా ఆ రద్దీయే ధైర్యం.

మా అమ్మ మాత్రం తన కాలమే భద్రం అంటుంది. అమ్మా, నువ్వు రాత్రి ఏడు తర్వాత ఎప్పుడైనా ఒంటరిగా బయటికి వెళ్లావా అని అడిగాను. ఎందుకు వెళతాను అంది.

సూటిగా

ఏమనుకోవద్దు. 31 ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి, ఫోనులో ఎవడో టోపీ పెట్టుకుని కనిపిస్తే లక్షలు పంపడమేమిటి? దేశం భద్రంగా లేదనడం కాదు, మనకు తెలివి ఉండాలి.

పాత స్టీరింగ్

సూటిగా గారూ, మా అబ్బాయి కూడా మొదట ఇదే అన్నాడు, కాబట్టి కొత్తగా బాధేమీ లేదు. ఒకటి మాత్రం చెబుతాను. ఆ రాత్రి చర్ల దారిలో నా వెనక నలభై మంది ఉన్నారు. నా కాళ్లు వణికినా వాళ్ల ముందు నిలబడాల్సి వచ్చింది. తుపాకీ పట్టుకున్నవాడి ముఖం కనిపించింది, వాడికి ఏం కావాలో తెలిసింది. ఈ ఫోనులోవాడు చేసిన మొదటి పని నన్ను ఒంటరిని చేయడం. పక్క గదిలో మా ఆవిడ బియ్యం ఏరుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది, నేను పిలవలేదు. అమ్మాయ్ రాత్రి డ్యూటీ, నువ్వు రద్దీ అన్నమాట దగ్గర నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను.

వేరుశనగ చేను గారూ, ఆ డ్రైవరు పేరు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. మావాళ్లలో చాలామంది అదే చేసేవారు.

మాస్టారూ, రోడ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. 2025 నవంబరులో మారేడుమిల్లి దగ్గర ఎదురుకాల్పుల్లో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడని వార్త వచ్చిన రోజు మా పాత కండక్టరు ఫోను చేశాడు. వెంకటాపురం దారిలో ఇప్పుడు దేనికి భయపడుతున్నారయ్యా అంటే, ఇసుక లారీలకూ, అవి చేసిన గుంతలకూ అన్నాడు.

వేరుశనగ చేను

డబ్బు ఏమైనా తిరిగి వచ్చిందా అన్నగారూ?

పాత స్టీరింగ్

మా అబ్బాయి తెలుసుకున్న వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేశాడు. చివరగా పంపిన దాంట్లో 62 వేలు ఇంకా వాళ్ల ఖాతాలోనే ఉంటే ఆపగలిగారు. మిగతాది అప్పటికే పది ఖాతాలు మారిపోయింది. మీలో ఎవరికైనా జరిగితే ఏడుస్తూ కూర్చోకండి, ముందు ఆ నంబరుకు చేయండి. గంటల్లో తేడా వస్తుంది.

ఆ 62 వేలు ఇప్పించడానికి లోక్ అదాలత్‌కు రమ్మని పోయిన నెల పోలీసులే ఫోను చేశారట. నేను నమ్మలేదు, పెట్టేశాను. మళ్లీ చేశారు. ఈసారి నాలుగు మాటలు అన్నాను కూడా. చివరికి పాపం ఆ కానిస్టేబులు ఎండలో బండి వేసుకుని ఇంటికి వచ్చాడు. మా ఆవిడ గొలుసు తీయకుండా తలుపు సందులోంచే గుర్తింపు కార్డు చూపించమంది.