పార్పాయిస్‌ను ‘చిన్న డాల్ఫిన్’ అనవచ్చా?

ప్రశ్న: పిల్లల కోసం సముద్రజీవుల పుస్తకం ఒకటి అనువదిస్తున్నాను. ఒకే వాక్యంలో డాల్ఫిన్, పార్పాయిస్ రెండూ వచ్చాయి. రెండోదాన్ని ‘చిన్న డాల్ఫిన్’ అని రాశాను. సరిపోతుందా? లేక ‘శింశుమారం’ వాడమంటారా?

జవాబు: ‘చిన్న డాల్ఫిన్’ వద్దండీ. తర్వాతి పేజీలో నిజంగానే చిన్న డాల్ఫిన్ ఎదురైతే ఏం చేస్తారు? న్యూజిలాండ్ తీరంలో తిరిగే హెక్టర్ డాల్ఫిన్ పొడవు సుమారు 1.4 మీటర్లు. పార్పాయిస్‌లలో డాల్స్ పార్పాయిస్ 2 మీటర్లు దాటుతుంది. అంతెందుకు, ‘కిల్లర్ వేల్’ అని పిలిచే ఆ భారీ ఓర్కా కూడా డాల్ఫిన్ కుటుంబానిదే.

చాలా డాల్ఫిన్లకు ముందుకు పొడుచుకు వచ్చిన ముక్కు, వెనక్కి వంగిన వీపురెక్క ఉంటాయి. పార్పాయిస్‌ది మొద్దు మూతి, రెక్క త్రికోణం. కొన్నిటికి ఆ రెక్కే ఉండదు. డాల్ఫిన్లు ఈల వేస్తాయి, పార్పాయిస్‌లు వేయవు. వాటి టకటక శబ్దాలు 100 కిలోహెర్ట్‌జ్‌కు పైనే, మన చెవికి అందవు. అయితే ఈ హెక్టర్ డాల్ఫిన్ ఉందే, దానికీ ముక్కు పొడుచుకు రాదు, అదీ ఈల వేయదు! ఇక నోరు తెరిచి చూడవలసిందే. డాల్ఫిన్ పళ్లు మొనదేలి ఉంటాయి, పార్పాయిస్ పళ్లు చదునుగా, బుల్లి పారల్లా ఉంటాయి.

మరొకరు: పార్పాయిస్ అన్న మాట లాటిన్‌లోని ‘పంది’, ‘చేప’ కలిసి పుట్టినదే కదా. ‘సముద్రపు పంది’ అంటే సరి!

జవాబు: చైనావారు ‘సముద్రపు పంది’ అనే అర్థమిచ్చే ‘హైతున్’ అన్న మాటను డాల్ఫిన్‌కు వాడతారు. అక్కడ రెక్కలేని పార్పాయిస్ ‘నది పంది’. పందిని ఎవరికి కట్టబెట్టాలో భాషలకే కుదరలేదు, మనమెందుకు తలదూర్చడం? పైగా ఇవి పిల్లలకు పాలిచ్చే జంతువులు, చివర ‘చేప’ అసలే తగిలించవద్దు.

శింశుమారానికి ఇప్పటికే పని ఎక్కువ. అమరకోశంలో ‘శిశుమార’ రూపంలో జలజంతువుల వరుసలో ఉంది. గంగానది డాల్ఫిన్‌కు హిందీలో ఉన్న ‘సూస్’ అన్న పేరు దాని నుంచి వచ్చినదే. నిఘంటువులు మొసలి అనీ అర్థం చెబుతాయి. భాగవతంలోనైతే అది నక్షత్రమండలం, దాని తోక కొసన ధ్రువుడు! పిల్లవాడు నిఘంటువు తెరిస్తే మొసలి దగ్గర తేలతాడు. పార్పాయిస్ అనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘డాల్ఫిన్‌ను పోలిన, మొద్దు మూతి గల క్షీరదం’ అని ఒక్క ముక్క చేర్చండి.

ప్రశ్న వేసినవారు: చేర్చానండీ. తీరా బొమ్మ చూస్తే చిత్రకారుడు పార్పాయిస్‌కు ఇంత పొడుగు ముక్కు వేసి ఉన్నాడు. ముందు ఆయనకు ఉత్తరం రాయాలి.