బుల్లెట్ క్రాంక్‌షాఫ్ట్ కొనకు మరో బేరింగు వేయిస్తే అదురు తగ్గుతుందా?

ప్రశ్న: తెనాలి బుల్లెట్

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1994లో కొన్న 350 బుల్లెట్ ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇనుప సిలిండరు, కుడికాలి వైపు గేరు ఉన్న పాత ఇంజను. పోయిన ఏడాది బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది కొసన ఉండే బేరింగు) పోవడంతో ఇంజను మొత్తం విప్పించి, కొత్త కనెక్టింగ్ రాడ్ వేయించి, బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్ పెట్టించాను. ఆ పని చేసిన షాపు పేరు ఇక్కడ అనవసరం.

అప్పటి నుంచి బండి గంటకు 60 కిలోమీటర్ల వరకు బాగానే పోతోంది. 70 దగ్గర మాత్రం ఫుట్‌రెస్టుల్లో మొదలైన అదురు ట్యాంకు మీదుగా హ్యాండిలు దాకా పాకుతోంది. అద్దంలో వెనక వచ్చే లారీ ఒకటి కాస్తా రెండుగా కనిపిస్తుంది. గుంటూరు వెళ్ళి దిగేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి జేబులోంచి తాళం తీయడమే కష్టమవుతోంది. ఇంజను విప్పక ముందు ఇంత అదురు లేదు.

మా ఊళ్ళో ఒక మేస్త్రీ గారు చెప్పిన ఉపాయం ఇది. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ ఆటను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఎడమ కొన మీద ప్రైమరీ చైను స్ప్రాకెట్టూ, దాని పక్కన కరెంటు పుట్టించే ఆల్టర్నేటరులో తిరిగే భాగం, అంటే రోటరూ ఉంటాయి కదా, ఆ తరువాత దానికి ఏ ఆధారమూ లేదు కాబట్టి అది తిరిగేటప్పుడు ఊగుతోందని, ఆ కొనను కొంచెం పొడిగించి చైన్ కవరులో చిన్న బేరింగు కూర్చోబెడితే అదురు సగానికి సగం పడిపోతుందని ఆయన అంటున్నారు. ఆయన తొమ్మిది వేలు అవుతుందన్నారు. ఎడమవైపు ఇప్పటికే రెండు బేరింగులు, కుడివైపు ఒకటి ఉన్నాయి. ఇంకొకటి కలిపితే నిజంగా ఫలితం ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పాలిటెక్నిక్ మాజీ లెక్చరరు

మీ మేస్త్రీ గారి ఆలోచన వినగానే సబబుగానే తోస్తుంది, కానీ ఆయన రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. షాఫ్టు వంగడం ఒకటి, ఇంజను అదరడం మరొకటి. బేరింగు మొదటిదాన్ని ఆపగలదు. రెండోదాన్ని ఆపడం దాని పని కాదు.

ఇంట్లో సీలింగ్ ఫ్యాను రెక్క ఒకటి వంగిందనుకోండి. ఫ్యాను ఊగుతుంది. పైన కొక్కెం ఎంత లావుది వేసినా ఆ ఊపు పోదు, అది ఇంకాస్త గట్టిగా స్లాబుకు అందుతుంది, అంతే. రెక్కల తూకం సరిచేస్తేనే పోతుంది. ఒకే సిలిండరున్న ఇంజనులో ఆ వంగిన రెక్క పాత్ర పిస్టన్‌ది.

కొంచెం లెక్క వేద్దాం. మీ ఇంజను స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, అంటే క్రాంకు పిన్ను (కనెక్టింగ్ రాడ్ కింది కొసను పట్టే పిన్ను) తిరిగే వృత్తం వ్యాసార్ధం 45. పిస్టన్, దాన్ని రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్ను, కనెక్టింగ్ రాడ్ పైభాగం కలిపి పైకీ కిందికీ ఆడే బరువు అర కిలో అనుకుందాం. నిమిషానికి 4000 చుట్లు, అంటే సెకనుకు దాదాపు 67 చుట్లు తిరిగేటప్పుడు ఆ అర కిలోను ఒక కొసన ఆపి వెనక్కి మళ్ళించడానికి కావలసిన బలం దాదాపు 400 కిలోల బరువుకు సమానం. 3000 చుట్ల దగ్గర అది 225కి దిగుతుంది, ఎందుకంటే ఈ బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 60 దగ్గర లేని అదురు 70 దగ్గర ఒక్కసారిగా వచ్చినట్లు అనిపించడానికి ఇదొక కారణం, ఏదో ఒక వేగం దగ్గర హ్యాండిలూ ఫుట్‌రెస్టులూ తమ సొంత లయతో ఇంజనుకు వంత పాడటం ఇంకొక కారణం. ఈ బలం షాఫ్టులోంచి బేరింగుల్లోకి, బేరింగుల్లోంచి క్రాంక్‌కేసులోకి, అక్కడి నుంచి బోల్టుల ద్వారా ఛాసిస్‌లోకి పోవలసిందే. బేరింగులు మూడున్నా నాలుగున్నా మొత్తం బలం మారదు, అవి దాన్ని పంచుకుంటాయి.

తయారీదారులు దీనికి చేసే చికిత్స ఫ్లైవీల్‌లోనే, అంటే క్రాంకులోని బరువైన చక్రంలోనే ఉంటుంది. క్రాంకు పిన్నుకు ఎదురుగా అదనపు బరువు ఉంచి, ఆడే బరువులో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా సరితూచుతారు. మొత్తం తూచేస్తే నిలువు అదురు పోతుంది కానీ, ఆ ఎదురు బరువు పక్కకు తిరిగినప్పుడు దానికి అడ్డుపడేది ఏదీ ఉండదు కాబట్టి అంత అదురూ ముందుకూ వెనక్కూ మళ్ళుతుంది. సరిగ్గా సగం తూచితే ఒక చక్కటి సంగతి జరుగుతుంది. మిగిలిన సగం బలం ఒకే పరిమాణంలో ఉండి, క్రాంకు తిరిగే దిశకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అప్పుడు క్రాంకుకు ఎదురు దిశలో అదే వేగంతో తిరిగే ఇంకొక చిన్న బరువును అమరిస్తే అది కూడా రద్దవుతుంది. బ్యాలెన్సరు షాఫ్టు అంటే ఇదే. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్‌తో మొదలైన 349 సీసీ ఇంజనులో ఉన్నది ఇదే, మీ పాత ఇంజనులో లేనిదీ ఇదే. ఆ మార్పుకు పెట్టిన పేరు నునుపుదనం అయితే, దాని అసలు కారణం ఈ ఎదురు తిరుగుడు.

అందువల్ల మీ ప్రశ్నను కొంచెం మార్చుకోండి. ఇంజను విప్పక ముందు లేని అదురు విప్పాక వచ్చిందన్నారు. విప్పినప్పుడు ఏం మారింది? పిస్టన్ బరువు మారింది, క్రాంకు ఊడదీసి మళ్ళీ బిగించారు, ఇంజనును ఛాసిస్ నుంచి దించి ఎక్కించారు. చూడవలసినవి ఈ మూడు. కొత్త పిస్టన్ పాతదానికన్నా 40 గ్రాములు ఎక్కువుంటే, పైన చెప్పిన లెక్క ప్రకారమే 4000 చుట్ల దగ్గర 30 కిలోల పైచిలుకు అదనపు బలం తూకం లేకుండా మిగిలిపోతుంది. పాత పిస్టన్ దాచి ఉంచారా?

జవాబు: ఆటోనగర్ లేత్

లెక్చరరు గారు పిస్టన్ దగ్గర మొదలుపెట్టారు, నేను క్రాంకు దగ్గర మొదలుపెడతాను. విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలతో నా దగ్గరకు వచ్చే బళ్ళలో ఎక్కువ వాటికి జబ్బు అక్కడే ఉంటుంది.

ఈ క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు ఫ్లైవీళ్ళను మధ్యలో క్రాంకు పిన్ను ఒక్కటే కలుపుతుంది. కొత్త రాడ్ వేయాలంటే వాటిని విడదీయక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు ఒక ఫ్లైవీల్ రెండోదానికన్నా వెంట్రుకవాసి ముందుకో వెనక్కో తిరిగి ఉండిపోతే, రెండువైపుల షాఫ్టులు ఒకే గీత మీద ఉండవు. పిన్ను నట్లు బలంగా బిగించే ఊపులోనే అలా మెలిక పడుతుంది. చాలామంది అంచుల మీద స్కేలు ఆనించి, వెలుతురు దూరడం లేదు కదా అని సరిపెట్టుకుంటారు. అది మొదటి మెట్టు మాత్రమే. దాని తరువాత క్రాంకును లేత్ మీద రెండు సెంటర్ల మధ్య నిలిపి, బేరింగులు కూర్చునే చోట రెండువైపులా డయల్ గేజ్ పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ముల్లు చూడాలి. ముల్లు రెండు థౌ, అంటే 0.05 మిల్లీమీటరు లోపల ఆడితే వదిలేస్తాను. అంతకు మించితే ఎత్తున్న చోట సుద్దతో గీత పెట్టి, రాగి సుత్తితో అంచు మీద ఒక దెబ్బ కొట్టి, మళ్ళీ చూస్తాను. ఒక్కో క్రాంకుకు పది నిమిషాలు పడుతుంది, ఒక్కోదానికి పూటంతా పడుతుంది. ఆ పూటకు డబ్బులు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు, అందుకే షాపుల్లో ఈ మెట్టు ఎగిరిపోతుంది.

ఇక ఆ నాలుగో బేరింగు సంగతి. మీ చైన్ కవరును ఒకసారి గుర్తు చేసుకోండి. ఎడమ ఫుట్‌రెస్టు తీసి, మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పితే మొత్తం కవరు చేతిలోకి వస్తుంది. చుట్టూ ఉన్నది రబ్బరు సీలు. రబ్బరు మీద కూర్చుని ఒక్క నట్టుతో నిలబడే కవరు షాఫ్టును ఎలా పట్టుకుంటుంది? విప్పి పెట్టిన ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుందన్న హామీ కూడా లేదు. ఒకవేళ దాన్ని కదలకుండా బిగించగలిగారే అనుకోండి, ఇంకా ప్రమాదం. ఇప్పటికే ఒక వరుసలో ఉన్న మూడు బేరింగులకు నాలుగోది వెంట్రుకవాసి తేడాతో చేరితే, షాఫ్టు ప్రతి చుట్టుకూ ఆ తేడా మేరకు బలవంతంగా వంగుతుంది. అప్పుడు పోయేది ఆ చవక బేరింగు కాదు, లోపలివి.

కొన ఊగుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి తొమ్మిది వేలు అక్కర్లేదు. కవరు తీసి, రోటరుకూ, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకూ మధ్య 0.2 మిల్లీమీటరు ఫీలర్ గేజ్ ఆకు (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి, ఇంజను చేత్తో తిప్పుతూ చుట్టూ చూడండి. ఒకచోట వదులుగా దూరి, షాఫ్టు తిప్పాక అదే చోట పట్టేస్తుంటే షాఫ్టు వంకర తిరుగుతున్నట్లే. రోటరు మీద ఒకవైపు మాత్రమే మెరిసే గీత ఉంటే ఆ వెతుకులాట కూడా అవసరం లేదు.

ఇంకొకటి. కేసు అల్యూమినియం, బేరింగు ఉక్కు. వేడెక్కితే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. బయటి వ్యాసం 62 మిల్లీమీటర్లున్న బేరింగు చుట్టూ ఉన్న కేసు 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.05 మిల్లీమీటరు వదులవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బిగుతు చాలకపోతే వేడి మీద బేరింగు బయటి రింగు కేసులోనే తిరుగుతుంది. మీరు బండి మళ్ళీ విప్పిస్తే ఆ రింగు మీద తిరిగిన గీతలున్నాయేమో తప్పక చూడమనండి.

జవాబు: డ్రాగ్ పిచ్చి

పెద్దలతో ఒక చిన్న విభేదం. రేసు బళ్ళలో కొన బేరింగు వాడతారు, నేను స్వయంగా ఒక బండికి వేయించాను, నునుపు వచ్చింది. కాబట్టి అది వట్టి మాట అనకండి.

జవాబు: పాలిటెక్నిక్ మాజీ లెక్చరరు

వట్టి మాట అనలేదు. కొన మీద బరువైన క్లచ్చో సూపర్‌ఛార్జరు బెల్టు పుల్లీయో వేలాడుతూ, దాన్ని బలంగా ఒకవైపు లాగుతున్నప్పుడు బయటి ఆధారం షాఫ్టును విరగకుండా కాపాడుతుంది. దానికోసం ప్రత్యేకంగా దళసరి కవరు చేయించి, డోవెల్ పిన్నులతో స్థానం కట్టుదిట్టం చేసి, బోరును లోపలి బేరింగులతో ఒకే వరుసలో కొడతారు. మీరు అంత పని చేయించినప్పుడు క్రాంకును కూడా సరిచేయించి ఉంటారు. నునుపు వచ్చింది బేరింగు వల్లనా, ఆ సవరణ వల్లనా అన్నది మీరే చెప్పాలి.

జవాబు: డ్రాగ్ పిచ్చి

క్రాంకు సరిచేయించిన మాట నిజమే. ఆ సంగతి రాయలేదు.

జవాబు: బర్మింగ్‌హామ్ నుంచి

ఈ చర్చ బ్రిటిష్ కంపెనీలు డెబ్బై ఏళ్ళ క్రితం డబ్బు పోసి చేసుకున్నదే, కాబట్టి రెండు మాటలు. 1937 నాటి ట్రయంఫ్ స్పీడ్ ట్విన్‌తో మొదలై ఇక్కడి రెండు సిలిండర్ల ఇంజనులు చాలావాటిలో రెండు పిస్టన్లూ కలిసి లేచి కలిసి దిగేవి, క్రాంకుకు ఆధారం రెండు కొసల దగ్గరే ఉండేది. ఏజేఎస్, మ్యాచ్‌లెస్ బళ్ళు చేసిన సంస్థ మాత్రం 1949లో తన 500 సీసీ ట్విన్‌కు మధ్యలో మూడో బేరింగు పెట్టింది. క్రాంకు వంగడం తగ్గింది, కానీ అదే ఇంజను 650 సీసీకి పెరిగాక అదురుతుందన్న పేరు దానికీ తప్పలేదు. పిస్టన్లు రెండూ ఒకేసారి ఎగురుతుంటే తూకం లెక్కలో అది పెద్ద సింగిల్ సిలిండరే కదా. 1970 నాటి యమహా ఎక్స్‌ఎస్ 650 అయితే నాలుగు బేరింగుల మీద తిరిగేది. దాని క్రాంకును రెండుగా కోసి, పిస్టన్లు వంతులవారీగా లేచేలా తిప్పి అతికించుకునే యజమానులు ఇప్పటికీ ఉన్నారు, అదురు మీద కోపంతోనే.

దీనికి తిరగేసిన కథ నార్టన్ కమాండోది. 1967లో వాళ్ళు అదురును ఆపే ప్రయత్నమే మానుకుని, ఇంజను, గేరుబాక్సు, వెనక స్వింగ్ ఆర్మ్ మూడింటినీ కలిపి రబ్బరు మౌంట్ల మీద ఛాసిస్ నుంచి విడదీశారు. నడిపేవాడికి హాయిగా ఉంది. 1972లో శక్తి పెంచిన కాంబాట్ ఇంజనులో మాత్రం రెండు కొసల మధ్య క్రాంకు వంగి, రోలర్ల అంచులు రింగుల్లోకి దిగబడి మెయిన్ బేరింగులు పోయాయి. విరుగుడుగా కొద్దిగా పీపా ఆకారంలో ఉన్న రోలర్ల బేరింగులు వేశారు, వాటికే సూపర్‌బ్లెండ్ అని పేరు. వంగే షాఫ్టుకు అనువైన బేరింగు దొరికింది. ఇంజను ఎప్పటిలాగే అదిరింది, అది రబ్బరు చూసుకుంది.

మీ బండికి రబ్బరు మౌంట్లు లేవు, పైగా ఛాసిస్‌లో ఇంజనే ఒక భాగం, కింద ఉయ్యాలలాంటి గొట్టం లేదు. అందుచేత ముందు వెనకల ప్లేట్ల బోల్టులూ, సిలిండరు హెడ్ నుంచి ఛాసిస్‌కు పోయే చిన్న పట్టీ ఉన్నాయో లేవో చూసుకోండి. ఆ పట్టీ లేకుండా తిరిగే బుల్లెట్లు నేను ఇక్కడ కూడా చూశాను.

జవాబు: తెనాలి బుల్లెట్

ఆలస్యానికి మన్నించాలి, నెల పట్టింది. చెప్పినవన్నీ చెప్పిన వరుసలో చేయించాను.

హెడ్ పట్టీ ఉంది, కానీ ఛాసిస్ వైపు బోల్టు లేదు. పట్టీ ఊరికే వేలాడుతోంది. ఆ బోల్టు వేసి బిగించగానే ట్యాంకు మీద అదురు కొంత తగ్గింది, ఫుట్‌రెస్టుల దగ్గర ఏమీ తగ్గలేదు. తరువాత కవరు తీసి ఫీలర్ ఆకు పెట్టి చూశాను. ఒక చోట జారిపోయింది, షాఫ్టు అర చుట్టు తిప్పాక అదే చోట ఆకు బయటికి రాలేదు. రోటరు మీద వేలెడంత మెరుపు గీత కూడా కనిపించింది.

ఇక ఇంజను దించి క్రాంకును ఆటోనగర్ తీసుకెళ్ళాను. గేజ్ ముల్లు ఎడమవైపు ఏడు థౌ, కుడివైపు నాలుగు థౌ ఆడటం నా కళ్ళతో చూశాను. ఆయన సుద్ద గీత పెట్టడం, రాగి సుత్తి దెబ్బ వేయడం, మళ్ళీ తిప్పడం మధ్యాహ్నం భోజనం వేళ దాటే వరకు సాగింది. చివరికి రెండువైపులా ఒకటిన్నర థౌ దగ్గర ఆపారు. బేరింగుల బయటి రింగుల మీద గీతలు లేవు. పాత పిస్టన్ అటక మీద దొరికింది. బంగారం కొట్లో తూకం వేయిస్తే కొత్తది 22 గ్రాములు ఎక్కువ తేలింది. ఆ తేడాకు తగ్గట్టు తూకం సరిచేయడానికి ఫ్లైవీల్‌కు రంధ్రాలు వేయడం ఇప్పుడు వద్దనుకున్నాం.

నిన్న గుంటూరు వెళ్ళి వచ్చాను. 70 దగ్గర అద్దంలో లారీ ఒక్కటే. 85 దాటితే మళ్ళీ రెండవుతోంది, అంత వేగం నాకు అవసరం లేదు. మేస్త్రీ గారు ముందే కొని ఉంచిన చిన్న బేరింగు ఆయన బల్ల మీదే ఉంది. దాని డబ్బు ఇస్తానంటే, చేతిపంపుకు పనికొస్తుందిలే అన్నారు.